కంటి మాత్ర

మా పెద్దత్త పోయింది. వయసెంతని ఎవరడిగినా ఆవిడ దగ్గర ఒకటే లెక్క. "జపానోడు బాంబులేసినప్పుడు పరికిణీ కట్టుకుని గుమ్మంలో చింతపిక్కలాడతన్నాను" అనేది. విశాఖ మీద ఆ బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. పరికిణీ వయసు ఎనిమిదో తొమ్మిదో అనుకున్నా తొంభై దాటినట్టే.

పన్నెండో రోజు భోజనాలు చెంగలరావుపేటలో, వాళ్ళింటి ముందు షామియానా కింద పెట్టారు. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళందరిదీ ఒకటే మాట. "ఆ కాలం తిండి, ఆ కాలం మనుషులు. చోడంబలి తాగిన ఒళ్ళు. మందన్నది ఎరగదు మహాతల్లి." మా బావ కొడుకు ఫోను పట్టుకుని ఒక్కొక్కరి చేతా మాట్లాడిస్తున్నాడు. "మావయ్యా, మామ్మ ఇన్నాళ్ళు బతకడానికి రహస్యమేంటో నువ్వూ రెండు ముక్కలు చెప్పు" అంటూ నా దగ్గరకీ వచ్చాడు. నోట్లో ముద్ద ఉందని సైగ చేసి తప్పించుకున్నాను. రెండు ముక్కల్లో తెమిలేది కాదది. పైగా "మందన్నది ఎరగదు" అన్న మాటకి నాకు మా నాన్న గుర్తొచ్చి, చావింట్లో నవ్వు ఆపుకోవాల్సి వచ్చింది.

*

మా నాన్న కాంపౌండరు. వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ దాపున ఒక డాక్టరుగారి దగ్గర పని. సెలవుల్లో నేను క్యారియర్ పట్టుకెళ్ళి సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయేవాణ్ణి. చెక్క పార్టిషను, దానికి జానెడు కిటికీ. జనం అందులోంచి ఖాళీ సీసాలు లోపలికి చాపేవారు. సీసా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. కొందరి సీసాలు ఇంకా కొబ్బరినూనె వాసన కొడుతూ ఉండేవి. నాన్న పెద్ద సీసాలోంచి మిక్చరు కొలిచి పోసి, నీళ్ళు కలిపి, బిరడా బిగించి గలగలలాడించేవాడు. తర్వాత సన్నటి కాగితం ముక్కని నిలువునా మడిచి, కత్తెరతో అంచున గాట్లు కోసి, మడత విప్పి, మైదా జిగురుతో సీసాకి అంటించేవాడు. గాటుకో మోతాదు. చదువురానివాళ్ళకి కూడా పూటకెంత తాగాలో కళ్ళకి కనబడేది. ఆ కాగితాలు కోసే పని నాకు అప్పచెప్పిన రోజున నేనూ సగం డాక్టరునైపోయాననుకున్నాను.

కడుపుబ్బరం మందు గులాబీ రంగులో ఉండేది. జనానికి దాని మీద ఎంత గురి అంటే, జ్వరానికి తెల్ల బిళ్ళలిస్తే మొహం మాడ్చుకుని "ఎర్రనీళ్ళు కూడా పోయండి బాబూ" అనేవారు. సూది సంగతి చెప్పక్కర్లేదు. గాజు సిరంజిలు స్టవ్వు మీద గిన్నెలో కుతకుత ఉడుకుతుంటే ఆ చప్పుడుకే సగం రోగం తగ్గినట్టు కూర్చునేవారు. సూది పడకుండా బయటకొస్తే ఇంటికెళ్ళి ఏం చెప్తారు? "చెయ్యట్టుకుని వదిలేశాడు, అదేం వైద్యం" అని డాక్టరు పేరే పోయేది.

ఇక గ్లూకోజు ఎక్కించుకోవడమంటే పెళ్ళికి పట్టుచీర కట్టుకోవడమంత గొప్ప. నీరసంగా ఉందంటూ నడుచుకుంటూ వచ్చి మరీ బల్ల మీద పడుకునేవారు. నాన్న ఇంటికొచ్చాక, అన్నం తింటూ అమ్మతో అనేవాడు: "ఆ అర లీటరు బాటిల్లో ఉండేది పాతిక గ్రాములు. అయిదు చెంచాల పంచదారనుకో. నోటితో తాగలేనోడికి సూదితో ఎక్కించాలి గానీ, గేటు దగ్గర మిరపకాయ బజ్జీ తినొచ్చినోడికెందుకే?" ఈ మాట కిటికీ దగ్గర మాత్రం ఎప్పుడూ అనలేదు. జీతమిచ్చేది ఆ బాటిళ్ళే కదా.

*

అత్తది మా నాన్నకి పూర్తిగా ఎదురు శాఖ. ఆవిడ మందుల పెట్టె వంటింట్లోనే ఉండేది: వాము, మిరియాలు, కరక్కాయ, శొంఠి, పసుపు కొమ్ము, అన్నిటికీ పైన ఆముదం. నెలకో ఆదివారం పొద్దున్నే మా ఇంటికొచ్చి, పిల్లలందరినీ వరసలో నిలబెట్టేది. ఒక్కొక్కణ్ణి మోకాళ్ళ మధ్య బిగించి, ముక్కు నొక్కి, వెచ్చటి ఆముదం గిన్నె నోట్లోకి ఒంపేది. ముక్కు వదిలేలోపు గుటక పడాల్సిందే. నాలుక మీద జిడ్డు మధ్యాహ్నం చారన్నం తినేదాకా పోదు. నాన్నకి ఆ ఆదివారాలే ఏదో అర్జెంటు పని పడేది. అక్కతో పేచీ ఎందుకని.

"పేగులు కడగాలిరా, లేపోతే మురిగిపోతాయి" అని ఆవిడ సిద్ధాంతం. పేగుల్ని ఎవరూ కడగనక్కర్లేదని, ఆముదానికి ఏలికపాములు చావవని, విరేచనంతో ఒకటీ అరా కొట్టుకొస్తే దాని ప్రతాపమనుకునేవాళ్ళమని తర్వాతెప్పుడో తెలిసింది. ఇప్పుడు ఫిబ్రవరి 10 వచ్చిందంటే బళ్ళలో పిల్లలకి ఆల్బెండజోల్ బిళ్ళ నమిలిస్తున్నారు. అయిపోయింది. ముక్కు నొక్కే అత్తలు అక్కర్లేదు.

కానీ ఆవిడ తరవాణి కుండని మాత్రం నేనేమీ అనను. వంటింటి మూల, ఇసక కుదురు మీద నల్లగా కూర్చుని ఉండేది. రాత్రి వార్చిన గంజి, కడుగునీళ్ళు అందులో చేరి, పొద్దున్నకి పుల్లగా పొంగేవి. అందులో నానిన అన్నం, ఉప్పుకల్లు, చితక్కొట్టిన ఉల్లిపాయ, పొయ్యిలో కాల్చిన నెత్తళ్ళు నాలుగు. పోర్టులో కలాసీగా చేసే మావయ్య అది తిని ఆరు గంటలకల్లా డ్యూటీకి వెళ్ళిపోయేవాడు. వేసవిలో ఆ పుల్లనీళ్ళు గొంతులోంచి దిగుతుంటే చల్లదనం ఎక్కడిదాకా వెళ్తోందో తెలిసేది.

చోడంబలి, అదే రాగి అంబలి, సాయంత్రాలకి. ఆ మధ్య టీవీలో ఎవరో చోళ్ళ గొప్పతనం చెప్తుంటే అత్త పక్కనే ఉంది. కాసేపు విని, "బియ్యం కొనలేక తాగాం గానీ, బలానికని ఎవడు తాగేడురా? డబ్బులున్న ఇంట్లో చోళ్ళు ముట్టుకునీవోరా?" అంది. నేను చదివినంతలో చోళ్ళు మంచివే, వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. అయితే అందులో డెబ్బై వంతులు పిండిపదార్థమే. అన్నం మానేసి జావ తాగితే షుగరు పారిపోతుందనుకునేవాళ్ళకి ఈ రెండో లెక్క ఎవరూ చెప్పరు.

*

అప్పట్లో మా వీధిలో బోదకాలు లేని అరుగు ఉండేది కాదు. మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళు అరుగుల మీద కాళ్ళు చాపుకుంటే, ఒకటి కాలు, ఒకటి స్తంభం. నూతి నీళ్ళ వల్లనీ, పూర్వజన్మ కర్మనీ, ఎవరో దిష్టి తీసి పారేసింది తొక్కడం వల్లనీ చెప్పుకునేవారు. అమావాస్యకీ పున్నానికీ కాలు సలిపి చలిజ్వరం వచ్చేదని, చంద్రుడి మీదకి కూడా తోసేవారు.

రక్తంలో బోదకాలు పురుగు ఉందేమో చూసే ఫైలేరియా వాళ్ళు రాత్రి వచ్చేవారు. పది దాటాక, వీధంతా పడుకున్నాక, టార్చిలైట్లు, గాజుపలకల పెట్టె. తలుపు కొట్టి నిద్రలో ఉన్న పిల్లల్ని కూడా లేపేవారు. వేలు పట్టుకుని టక్కున పొడిచి, రక్తం బొట్టు గాజుపలక మీద రాసుకునేవారు. పక్కింటి గుంటడొకడు అటక ఎక్కి దాక్కునేవాడు. "పగలు రావొచ్చు కదా దొంగల్లాగ ఇదేటి?" అని అత్త తగువేసుకునేది. నాన్న ఓపిగ్గా చెప్పేవాడు: ఆ పురుగు పిల్లలు పగలు లోపల దాక్కుని, రాత్రి దోమలు కుట్టే వేళకే రక్తంలోకి వస్తాయి, అందుకే వీళ్ళ డ్యూటీ కూడా రాత్రే. అత్త చెంప మీద చెయ్యేసుకుని, "ఓలమ్మో, మనకన్నా తెలివైనవి" అనేది.

పేరు రాసుకున్న నాలుగు రోజులకి మాత్రలొచ్చేవి. వాటి మూలం మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో చేసిన పరిశోధనేనని నాన్న గర్వంగా చెప్పేవాడు. భీమవరంలో పుట్టినాయన మందు పట్నం వీధుల్లోకి తిరిగొచ్చిందని ఆయన సంబరం. తీరా జనం ఆ మాత్రల్ని తల తిరుగుతుందని చూరులో దోపేవారు. మా వీధి చూరుల్లో ఆ రోజుల్లో పిచికగూళ్ళకన్నా మాత్రలే ఎక్కువ. ఇప్పుడక్కడ అరుగులే లేవు, అపార్ట్‌మెంట్లొచ్చాయి. బోదకాళ్ళు కూడా అరుదైపోయాయి. మురిక్కాలవ దోమలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

*

అడ్డపొగ గురించి మా పిల్లలకి చెప్తే నమ్మలేదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసుకోవడం. మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళకి అది మామూలు. గాలికి నిప్పు ఆరదు, నుసి రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీ. చేపలు ఎండబెడుతూ, పిండి విసురుతూ, తగువులాడుతూ కూడా కాల్చొచ్చు. అత్త, ఆవిడ పెద్ద తోడికోడలు సాయంత్రం పెరట్లో ఎదురెదురుగా కూర్చునేవారు. మాట మధ్యలో చుట్ట తీసి, నుసి దులిపి, మళ్ళీ నిప్పు లోపలికే పెట్టుకునేవారు. ఒక్కసారి కూడా నాలుక కాలేది కాదు. మేం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం.

"పంటి నొప్పికి మంచిది, కఫం కోస్తాది" అనేవారు. పెద్దతోడికోడలికి అంగిట్లో పుండు లేచింది. మొదట అన్నంలో కారం తగిలితే మంట, ఆ తర్వాత ముక్కులోంచి మాట. వేడి చేసిందని సబ్జాగింజలు తాగించారు, ఇంకేదో పసరు పూశారు. కేజీహెచ్ పెద్దాసుపత్రి మెట్లెక్కేసరికి ముదిరిపోయింది. కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్. యాభై దాటకుండానే పోయింది. నిప్పు వేడీ పొగా రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి కాబట్టి, అడ్డపొగ కాల్చేవాళ్ళకి అక్కడే క్యాన్సరు వస్తుందని డాక్టర్లకి మన ప్రాంతం నుంచే బాగా తెలిసింది.

అత్త ఆపలేదు. తగ్గించిందంతే. ఆవిడకేమీ కాలేదు. షామియానా కింద మా బావ ఆ మాట కూడా అన్నాడు, "చుట్ట కాల్చి తొంభై బతికింది మాయమ్మ, ఈ డాక్టర్లదంతా బెదిరింపు" అని. దానికి జవాబు చెప్పాల్సిన మనిషి ఫొటో గోడ మీద, అత్త ఫొటోకి రెండడుగుల అవతలే ఉంది. ఎవరూ అటు చూడలేదు.

*

అత్తకి పురిటికొచ్చిన పిల్లలు ఏడుగురు. నిలబడింది ముగ్గురు. ఇది ఆ రోజుల్లో చెప్పుకునేంత విశేషం కూడా కాదు. బురుజుపేట కనకమహాలక్ష్మి పాదాల దగ్గర ప్రతి పిల్లనీ పడుకోబెట్టి తెచ్చుకుంది, మార్గశిరం గురువారాలు తప్పలేదు. మూడోవాడు నడక నేర్చిన ఏడాది, ఎండాకాలంలో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. నీళ్ళు తాగితే ఇంకా పోతుందని ఇంట్లో పెద్దవాళ్ళు చుక్క పట్టనివ్వలేదు. వాడు తడిగుడ్డ చీకుతూ ఉండేవాడట. ఇది నాకు అత్త చెప్పలేదు, నాన్న చెప్పాడు, అదీ ఒక్కసారే.

1971లో, బంగ్లాదేశ్ యుద్ధం నాటి కాందిశీకుల శిబిరాల్లో కలరా ప్రబలినప్పుడు, సెలైన్ బాటిళ్ళు అయిపోయి, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు తాగించే వేలమందిని బతికించారు. పేగులో చక్కెర ఉంటే ఉప్పునీ నీటినీ తనతో లోపలికి తీసుకుపోతుంది, విరేచనాలవుతున్నా సరే. ఓఆర్ఎస్ అంటే అంతే. ప్యాకెట్లొచ్చాక నాన్న ఆ గులాబీ మిక్చరు కిటికీ దగ్గరే దండకంలా చదివేవాడు: "లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు. ఆరు చిన్న చెంచాల పంచదార, గుట్టగా కాదు, సమంగా. అర చెంచా ఉప్పు. గుక్కగుక్కగా. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్ళీ."

ఆముదం విషయంలో తమ్ముడి మాట లెక్కచెయ్యని అత్త, ఇది మాత్రం పొల్లుపోకుండా పట్టుకుంది. వీధిలో ఏ పిల్లకి కడుపు కదిలిందన్నా చెంబూ చెంచా పట్టుకుని వెళ్ళిపోయేది. ఎవరైనా ముసలమ్మ అడ్డం చెప్పిందా, ఇంక ఆ ఇంటి పరువు ఉండేది కాదు. "నోర్ముయ్యవే! నీల్లు పట్టు ముందు!" అని మూడో వీధిదాకా వినబడేది.

స్వతంత్రం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ చుట్టూ ఉండేది. ఇప్పుడు 70కి చేరింది. అప్పుడు పెద్దవాళ్ళంతా ముప్పైల్లోనే రాలిపోయారని కాదు, సగటుని కిందకి లాగింది ఎక్కువగా ఆ నలుగురి లాంటి పిల్లలు. ఆ కాలం మనుషులు గట్టివాళ్ళు అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. గట్టివాళ్ళే మిగిలారు మరి. విస్తరి ముందు కూర్చుని ఇదంతా ఆ కుర్రాడికి ఏమని చెప్పను?

*

ఇక మందన్నది ఎరగదన్న మాట.

అత్తకి అరవై దాటాక కళ్ళకి శుక్లాలొచ్చాయి. చేపల్లో ముల్లు కనబడక కూర మానేసిందంటే అర్థం చేసుకోండి. నాన్న బలవంతం మీద ఆపరేషనుకి తీసుకెళ్తే, బీపీ చూసి వెనక్కి పంపేశారు. పైది రెండొందలు దాటింది. ఇది దిగితేగానీ కత్తి పెట్టమన్నారు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, ఆవిడకి ఒంట్లో ఏ తేడా లేదు. "నాకేటి రోగం? మీ మిషను పాడైపోయింది" అని అక్కడే గొడవ. తరవాణిలో ఉప్పు, ఎండుచేపలో ఉప్పు, మాగాయలో ఉప్పు. రోజుకి అయిదు గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఉప్పుని అత్త పొద్దుటి ముంతలోనే దాటేసేది.

నాన్న చిన్న తెల్ల బిళ్ళలు తెచ్చి, "ఇది కంటి మాత్ర అక్కా, రోజూ పొద్దున్నే వెయ్యాలి" అన్నాడు. వేసింది. బీపీ దిగింది, ఆపరేషనయింది, కట్టు విప్పగానే గోడ మీద బల్లిని చూసి తిట్టింది. అందరం నవ్వాం. మాత్ర ఇంక ఆపెయ్యొచ్చా అని అడిగింది. నాన్న నా వైపొకసారి చూసి, "ఆపితే చూపు మళ్ళీ పోద్ది" అన్నాడు.

అంతే. ముప్పై ఏళ్ళు ఒక్కపూట తప్పలేదు. తమలపాకుల డబ్బాలో, సున్నం కాయ పక్కన స్ట్రిప్పు. నాన్న పోయాక ఆ మాత్రలు తెచ్చే పని నాకొచ్చింది. నెలకోసారి బీపీ చూసే ఏఎన్ఎమ్ అమ్మాయికి కూడా ముందే చెప్పి ఉంచాను. ఆ పిల్ల చేతికి పట్టా చుట్టి, గాలి కొట్టి, "కళ్ళు బాగున్నాయి మామ్మా" అనేది సీరియస్‌గా. వీధిలో ఎంతమంది ఎన్ని చెప్పినా, కాకరరసమనీ వెల్లుల్లి పరగడుపున మింగమనీ, అత్త అన్నీ విని, అన్నీ కొన్నాళ్ళు చేసి, కంటి మాత్ర జోలికి మాత్రం ఎవర్నీ రానిచ్చేది కాదు. నాన్నని నేనోసారి అడిగాను, ఎప్పటికైనా నిజం చెప్పవా అని. "బీపీ మాత్రంటే వారంలో మానేస్తాది. ఈ ఒక్క అపోహ ఉండనీరా, ఖర్చులేదు" అన్నాడు.

*

ఈ మధ్య పొద్దున్నే బీచ్ రోడ్డుకి వెళ్తున్నాను. ఆ వేళకి బళ్ళు ఆపేస్తారు కాబట్టి రోడ్డంతా నడిచేవాళ్ళదే. కురుసుర సబ్‌మెరైన్ అవతల చేతులెత్తి నవ్వేవాళ్ళొక గుంపు, వెనక్కి నడిచేవాళ్ళొక గుంపు. వెనక్కి నడిస్తే మోకాళ్ళు అరగవట. నాతో వచ్చే రిటైర్డ్ స్టీల్‌ప్లాంట్ మిత్రుడికి ఫోనులో వచ్చిందల్లా వేదం. రాగిచెంబులో నీళ్ళు, ఎడం పక్కకే పడుకోవడం, చేప తిన్న రోజు పెరుగు ముట్టకపోవడం, తింటే బొల్లి వస్తుందని. చేపలపులుసు తిని, పెరుగన్నంతో ముగించే జాలారిపేటలో ఎంతమందికి బొల్లి వచ్చిందో చూపించమంటే మాట మారుస్తాడు.

మొన్న చోడిజావ బండి దగ్గర ఆగాం. స్టీలు క్యాను, పక్కన మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు. మా వాడు అమ్మే కుర్రాణ్ణి అడిగాడు, "ఇది రోజూ తాగితే షుగరు తగ్గుతుంది కదా బాబూ?"

కుర్రాడు గ్లాసులో గరిటె తిప్పుతూ, "అందరూ అలాగే అంటారండి. మాయమ్మకీ షుగరే, ఇదే తాగుతాది" అన్నాడు.

"చూశావా?" అన్నాడు మా వాడు నాతో.

"మాత్ర కూడా ఏసుకుంటాదండి," అన్నాడు కుర్రాడు. "పెరుగు ఎయ్యమంటారా?"